నాలుగో కాటేజీ ఎర్రదారం

మా కాలీచీ వెల్స్‌లో ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఊపిరాడదు. ఇంటింటికీ తిరిగి కూలర్లు విప్పాలి, ఏడాదంతా ఉప్పునీళ్లు తాగి రాయిలా బిగుసుకుపోయిన చెక్కపీచు మెత్తలు పీకేయాలి, కొత్తవి పెట్టాలి. మే వచ్చేలోగా ఈ పని కాకపోతే జనం నన్ను బతకనివ్వరు. ముప్ఫై ఏళ్లుగా ఇదే నా పని. అందుకే ఈ ఊళ్లో ఎవరింట్లో ఏముందో, ఎవరి మనసులో ఏముందో నాకు తెలిసినట్టు పాస్టరుకి కూడా తెలియదు.

ఆ ఏడాది, అంటే తొంభై ఎనిమిదిలో, సాల్ట్‌బుష్ ఇన్ నుంచి కూడా పిలుపొచ్చింది. పాతికేళ్లు పాడుబడి ఉన్న సత్రం అది. లాస్ ఏంజెలిస్ నుంచి ట్రెంట్ కాల్వర్ట్ అనే మనిషి వచ్చి కొన్నాడు. నలభై ఏళ్లుంటాయి, కాళ్లకి సాక్సు ఉండవు, నోటికి విరామం ఉండదు. ఒకప్పుడు సినిమావాళ్లు మారుపేర్లతో వచ్చి దాక్కున్న చోటు కదా, ఆ పేరు చెప్పి మళ్లీ జనాన్ని రప్పిస్తాడట. నేను నిచ్చెనెక్కి పనిచేస్తుంటే కింద నిలబడి, ఏ గదిలో ఏ తార ఏడ్చిందో, ఏ హీరో ఎవరిని కొట్టాడో నాకే చెప్పడం మొదలెట్టాడు. ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి నేను! ఒళ్లు మండింది గానీ, పని చేయించుకునేవాడితో పేచీ ఎందుకని మేకులు నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.

నిచ్చెన దిగి హాల్లోకి వెళ్తే అక్కడ కనిపించింది. ఒక కొయ్యబొమ్మకి తొడిగి, చుట్టూ ఎర్రటి తాడు కట్టి నిలబెట్టారు. పాలమీగడ రంగు పట్టు గౌను. కింద చీటీ: "లెనోర్ ఆష్‌బీ ధరించిన గౌను. 1957లో తన చేతులతో మేనేజరు థెల్మా రూడ్‌కి కానుకగా ఇచ్చినది. ఆమె కుమార్తె వెర్నా సౌజన్యంతో."

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎందుకంటే ఆ గౌను దొంగిలించిందనే నలభై ఒక్క ఏళ్లుగా మా ఊరు ఎవులాలియా బ్రాకమోంటేని దొంగ అంటోంది.

ఆమెని నేను డోన్యా లాలా అంటాను. మర్యాదగా అలా పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లు వెనకాల ఏమంటారో ఇక్కడ రాయను. యాభై ఏడులో ఆమెకి ఇరవై ఒకటి. సాల్ట్‌బుష్ ఇన్‌లో బట్టలు ఉతికేది. ఒక ఫిబ్రవరి ఉదయం నాలుగో కాటేజీలో దిగిన సినిమా తార లెనోర్ ఆష్‌బీ తన పట్టు గౌను ఉతకడానికి వెళ్లి తిరిగి రాలేదంది. మేనేజరు థెల్మా రూడ్ పోలీసుని వెంటబెట్టుకుని లాలా వాళ్లింటికి వచ్చి, ఆమె తల్లి పెళ్లినాటి పెట్టెను వాకిట్లో బోర్లించింది. గౌను దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఎక్కడో అమ్ముకుందన్నారు. పని పోయింది. ఆ జూన్‌లో జరగాల్సిన పెళ్లీ పోయింది. పెళ్లికొడుకు తల్లి స్వయంగా వచ్చి ఉంగరం వేలి నుంచి లాక్కుపోయింది. నాకప్పుడు పదకొండేళ్లు. వీధి చివర నిలబడి చూశాను. అందరితోపాటు నవ్వాను కూడా.

ఆ తర్వాత ఆమెని ఎవరూ పనిలో పెట్టుకోలేదు. హైవే మీద లారీలవాళ్లు ఆగే మోటెలు దుప్పట్లు ఇంటికి తెచ్చుకుని, పెరట్లో ఉతికి బతికింది. ఊరు వదిలి పొమ్మని చాలామంది ఆమె మొహం మీదే చెప్పారు. "పోతే నిజంగానే తీశానంటారు. చచ్చినా ఇక్కడే చస్తాను" అనేది. ఇక నోరు! అమ్మో, ఆ నోటికి భయపడని కుక్క కూడా ఉండేది కాదు మా వీధిలో.

కిరాణా కొట్టు ఆర్విల్ పెటిబోన్ సంగతి మరీ ఘోరం. ఆమె కొట్లో అడుగు పెట్టడం ఆలస్యం, గల్లా వదిలేసి వచ్చి వెనకాలే నడిచేవాడు. బీన్స్ డబ్బాల వరసలో ఆమె ఆగితే తనూ ఆగేవాడు. ఆమె కదిలితే తనూ కదిలేవాడు. నలభై ఒక్క ఏళ్లు! ఇద్దరికీ జుట్టు తెల్లబడింది గానీ ఆ నడక మానలేదు.

నేనేదో పెద్దమనిషినని చెప్పుకోను. డెబ్భై తొమ్మిదిలో ఒకసారి ఆమె ఇంట్లో కూలర్ బాగుచేస్తూ, చేతికి గ్రీజు అవుతుందని గడియారం తీశాను. బల్లమీద పెట్టబోయి, ఒక్క క్షణం ఆగి, జేబులో వేసుకున్నాను. ఆమె అటు తిరిగి కాఫీ కాస్తోంది. చూడలేదనుకున్నాను.

ఇన్‌లో పని ముగించుకుని తిన్నగా ఆమె ఇంటికే వెళ్లాను. ఎలాగూ ఆమె కూలర్‌కీ మెత్తలు మార్చాలి. ఆమె దుప్పట్లు మడతపెడుతోంది. కళ్లకి శుక్లాలు, చేత్తో తడుముతూ అంచులు కలుపుతోంది. గౌను సంగతి చెప్పాను. కొయ్యబొమ్మ, తాడు, చీటీ, అన్నీ చెప్పాను. ఏడుస్తుందేమో, కూలబడుతుందేమో అనుకున్నాను. దుప్పటి మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"దారం ఉందా?" అంది.

"ఏం దారం?"

"అంచు లోపల, ఎడమవైపు. చూశావా లేదా?"

"లేదు డోన్యా లాలా. నాకేం తెలుసు?"

"నీకేం తెలుసులే. నిచ్చెనెక్కడం తప్ప ఏం తెలుసు నీకు! కూర్చో."

అప్పుడు చెప్పింది. ఇన్‌కి వచ్చే తారలు అసలు పేర్లు రాయరు కదా. బట్టల మీద పేరు కుట్టకూడదు, చీటీ కట్టకూడదు. ఎవరి బట్ట ఎవరిదో బయటికి పొక్కకూడదు. అందుకని కాటేజీకి ఒక రంగు. నాలుగో కాటేజీకి ఎరుపు. బట్ట చేతికి రాగానే లాలా లోపలి అంచులో ఆ రంగు దారంతో గింజంత కుట్టు వేసేది. ఉతికి ఇస్త్రీ చేసి ఆఫీసు బల్ల దగ్గర ఇస్తే, థెల్మా రూడ్ చూసుకుని, ముట్టినట్టుగా ఆ కుట్టు మీద నల్లదారంతో ముడి వేసేది. ఆ తర్వాత బట్టని కాటేజీకి పట్టుకెళ్లేది థెల్మా ఒక్కతే. మరెవర్నీ పోనిచ్చేది కాదు. గడప దగ్గర నిలబడి, మెడలో గొలుసుకి వేలాడే చిన్న కత్తెరతో రెండు దారాలూ కత్తిరించి, అప్పుడు లోపలికిచ్చేది.

"దారమున్న బట్ట ఏదీ ఆ గడపలు దాటలేదు" అంది లాలా. "ఎర్రదారం ఒక్కటే ఉంటే నేను దొంగని. దారాలు లేకపోతే ఆ తార నిజంగానే కానుక ఇచ్చిందనుకో. ఎర్రదారం మీద నల్లముడి ఉంటే?"

"థెల్మా చేతికి చేరింది. గదికి చేరలేదు."

"అబ్బో, బుర్ర ఉందే నీకు!"

"అయినా డోన్యా, ఇన్నేళ్లు దాచుకున్న మనిషి ఆ దారాలు తీసెయ్యదా?"

"కత్తెర ఇన్‌ది. ఇంటికి పట్టుకెళ్లేది కాదు. పైగా కత్తెర తీసేది గడప దగ్గరే, అది చేతికి అలవాటు. పెట్టెలో కుక్కుకుని పోయేటప్పుడు గడప ఎక్కడిది? ఉందిరా. నా మనసు చెబుతోంది, ఉంది."

ఆ శనివారం ఇన్‌లో పాతరోజుల పండుగ. టికెట్టు కొని ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు. లాలా నల్ల గౌను వేసుకుని నా బండెక్కింది. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్ చేరాక పని మనుషుల గేటువైపు బండి తిప్పబోయాను, అక్కడ నీడ ఉంటుందని.

"ఆపు. నీడలో నువ్వు కూర్చో. నేను ముందు నుంచే వెళ్తాను" అంది.

ముందు తలుపు దగ్గర టికెట్ల పిల్ల ఆపింది. లాలా ఆ పిల్లని ఎగాదిగా చూసి, "ఈ ఇంటి దుప్పట్లు నాలుగేళ్లు ఉతికాను. నాకు టికెట్టా? తప్పుకో" అని లోపలికి నడిచింది. నేను ఇద్దరి టికెట్లూ కొని వెనకాల పరిగెత్తాను.

లోపల నలభై మంది దాకా ఉన్నారు. సగం బయటివాళ్లు, మెడలో కెమెరాలు. సగం మా ఊరివాళ్లు, నిమ్మరసం కోసం వచ్చినవాళ్లు. నిమ్మరసం పోస్తున్నది ఆర్విల్ పెటిబోన్. ట్రెంట్ కిటికీలోంచి ఈతకొలను చూపిస్తూ, వెన్నెల్లో లెనోర్ ఆష్‌బీ అందులో ఈదేదని చెబుతున్నాడు. ఆ కొలను తవ్వింది అరవై ఒకటిలో! ఆవిడ యాభై ఏడు తర్వాత ఇటు తొంగి చూస్తే ఒట్టు! అయినా అందరూ నోళ్లు తెరుచుకుని ఆ నీళ్లని ఫొటోలు తీసుకుంటున్నారు. ఛీ!

గౌను పక్కన కుర్చీలో వెర్నా కూర్చుని ఉంది, పెళ్లికూతురి తల్లిలా పువ్వు పెట్టుకుని. నాతోపాటు బడిలో చదివింది వెర్నా. అప్పుడూ అంతే, ఎవరితోనూ కలిసేది కాదు.

లాలా తాడు ఎత్తి లోపలికి దూరింది.

"మేడమ్, మేడమ్!" ట్రెంట్ పరిగెత్తుకొచ్చాడు. "దయచేసి ముట్టుకోకండి. చాలా సున్నితమైన బట్ట అది. చేతి చెమట తగిలినా పాడైపోతుంది."

"దీన్ని చల్లనీళ్లలో సబ్బు ముక్క కరిగించి ఉతికింది నేను. తువ్వాల్లో చుట్టి ఆరబెట్టింది నేను. అప్పుడు పాడవని బట్ట ఇప్పుడు నా చెయ్యి తగిలితే మాసిపోతుందా?"

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. అది ఏ గౌనో మా ఊరివాళ్లకి అర్థమైంది. ఒకావిడ చేతిసంచీని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది, అలవాటు కొద్దీ. నేను చూశాను, నా కళ్లతో చూశాను.

వెర్నా లేచి నిలబడింది. "ఈవిణ్ణి ఎవరు రానిచ్చారు? ట్రెంట్, బయటికి పంపించు. మా అమ్మ పోయి మూడేళ్లు కాలేదు. చచ్చినవాళ్ల మీద బురద చల్లడానికి వచ్చింది. సిగ్గు లేదూ నీకు?"

"బతికున్నదాని మీద చల్లినప్పుడు మీ అమ్మకి ఉందా సిగ్గు?"

"నువ్వు దొంగతనం చేశావు కాబట్టే..."

"గౌను నీ పెట్టెలోంచి తీసిచ్చి, దొంగతనం నేను చేశానంటావా? కాస్త ఆలోచించుకుని తిట్టవే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెర్నా మొహం ఎర్రగా కందిపోయింది. "ఆవిడ మా అమ్మకి కానుకగా ఇచ్చింది. పెట్టెలో పెట్టానని మరిచిపోయి, పోయిందని గోల చేసింది. తర్వాత సిగ్గుపడి అమ్మకి ఇచ్చేసింది. అమ్మే చెప్పింది నాకు."

"మరి ఆ సంగతి మీ అమ్మ నాకు చెప్పలేదేం? మా ఇల్లు నాలుగు అడుగుల దూరం. నలభై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చి, లాలా, గౌను దొరికిందే అనలేదేం?"

వెర్నా ట్రెంట్ వైపు చూసింది. ట్రెంట్ లాలా భుజం మీద చెయ్యి వేయబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. "చెయ్యి వేశావంటే నీ కూలర్లన్నీ విప్పి పడేస్తాను. ఎండాకాలమంతా ఉడికి చస్తావు" అన్నాను. ఇంతకంటే గొప్ప బెదిరింపు నాకు తోచలేదు. కానీ పనిచేసింది.

లాలా మోకాళ్ల మీద కూర్చుంది. అరవై రెండేళ్ల మోకాళ్లు, టకటకమని చప్పుడు చేశాయి. గౌను అంచు ఎత్తి, ఎడమవైపు నుంచి వేళ్లతో జరుపుతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి అక్కడే ఆగింది. ఆమె మొహంలో నాకేమీ కనిపించలేదు. నేను వంగి చూడబోతే కసిరింది.

"నువ్వు కాదు. నువ్వు చెబితే నా మనిషివంటారు. వెర్నా, నువ్వు రా. నాకు కళ్లు కనపడవు. ఇక్కడ ఏం రంగు ఉందో నువ్వు చెప్పు."

"అది దర్జీ గుర్తు. ట్రెంట్ కూడా అన్నాడు."

"దర్జీదో దయ్యానిదో. రంగు చెప్పు. రంగు చెప్పడానికి కూడా భయమేనా?"

నలభై మంది చూస్తున్నారు. వెర్నా రాక తప్పలేదు. వంగింది. లాలా అంచుని ఆమె చేతిలో పెట్టింది.

"ఎరుపు" అంది వెర్నా.

"గట్టిగా చెప్పు. ఆర్విల్‌కి చెవుడు."

"ఎర్రదారం."

"దాని మీద?"

వెర్నా అంచుని వెలుతురు వైపు తిప్పింది. చూస్తూనే ఉంది. ఆ ముడి ఏమిటో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు సెలవు రోజుల్లో తల్లి పక్కన ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని, నల్లదారం సూదికి ఎక్కించి ఇచ్చింది ఆమే. బడిలో నాతోనే గొప్పలు చెప్పింది, అమ్మకి నేను సూది ఎక్కిస్తానని.

"దాని మీద ఏముంది వెర్నా?"

"నల్లముడి."

"నల్లముడి ఎవరిది?"

నాకు ఒక్కసారి వెర్నా మీద జాలి వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ లాలాకి వేయలేదు. వేయాల్సిన పనీ లేదు.

"అమ్మది" అంది వెర్నా. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పింది, నేల వైపు చూస్తూ. "ఆదివారాలు వేసుకునేది. పరదాలు వేసి, తలుపు గడియపెట్టి, అద్దం ముందు నిలబడేది. నన్ను చూడొద్దనేది. నేను చూసేదాన్ని." కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్లిపోయింది. పువ్వు కింద పడిపోయింది.

ఇంతా జరిగాక ట్రెంట్ ఏమన్నాడనుకున్నారు? "అద్భుతం!" అన్నాడు. నిజంగా అన్నాడు! "మేడమ్, ఇలాంటి కథ కోసమే నేను చస్తున్నాను. చీటీ మార్చేద్దాం. మీ ఫొటో కూడా పెడదాం. నెలకోసారి వచ్చి, ఇలాగే మోకాళ్ల మీద కూర్చుని చూపిస్తే..."

"చీటీ ఏమని రాస్తావు?"

"ఒక చిన్న అపార్థం వల్ల..."

"అపార్థమా? మా అమ్మ పెట్టెని వాకిట్లో బోర్లించడం అపార్థమా? థెల్మా రూడ్ దొంగ అని రాయి. ఎవులాలియా బ్రాకమోంటే దొంగ కాదు అని రాయి. రెండు ముక్కలు. రాయగలవా?"

ట్రెంట్ నసిగాడు. లాయరుని అడగాలన్నాడు.

"అడుగు. ఈ లోపల అంచు ఇలాగే పైకి మడిచి పెట్టు. రెండు దారాలూ కనపడాలి. ఒక్క దారం తెగిందా, మళ్లీ వస్తాను. టికెట్టు లేకుండా వస్తాను." నా చెయ్యి పట్టుకుని లేచింది. ముందు తలుపులోంచే బయటికి నడిచింది.

బండిలో కూర్చున్నాక నాకు ఏదో చెప్పాలనిపించింది. క్షమించండి అనాలని నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. ఊరి మలుపు దగ్గర ఆమే అంది.

"ఆ రోజు గడియారం జేబులో వేసుకున్నావు. చూశాను."

నాకు తల కొట్టేసినట్టయింది. "డోన్యా లాలా..."

"రోడ్డు చూసి నడుపు. వచ్చే ఏడు మెత్తలు మార్చడానికి వచ్చినప్పుడు బల్లమీద పెట్టు. అంతే."

సోమవారం ఉదయం పైపు క్లిప్పుల కోసం ఆర్విల్ కొట్టుకి వెళ్లాను. వెనకాలే లాలా వచ్చింది. రోజూలాగే బుట్ట తీసుకుంది, రోజూలాగే బీన్స్ డబ్బాల వరసలోకి నడిచింది. ఆర్విల్ గల్లా దగ్గరే ఉండిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెక్కబల్లని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

లాలా రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఇంకో రెండడుగులు వేసి మళ్లీ చూసింది. ఆ వరసలో ఆమె ఒక్కతే ఉంది. చేతిలోని డబ్బాని గుండెకి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. ఇంటి ముందు పెట్టె బోర్లించినప్పుడు ఏడవని మనిషి, ఉంగరం లాక్కుపోతే ఏడవని మనిషి, అక్కడ డబ్బాల మధ్య నిలబడి భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది.

మేమిద్దరం గొంతులు సవరించుకోవడం తప్ప ఏమీ చేయలేదు. మగవాళ్లం కదా, దద్దమ్మలం.

కాసేపటికి మొహం తుడుచుకుంది. "ఏం ఆర్విల్?" అని గట్టిగా కేకేసింది. "ఇవాళ కాళ్లు పడిపోయాయా?"

"లాలా, నేను... అది కాదు. ఆ రోజుల్లో అందరూ..."

"నీ సంజాయిషీ ఎవడిక్కావాలి! నలభై ఒక్క ఏళ్లు దొంగ వెనకాల తిరిగావు. ఒక్కరోజు మనిషి వెనకాల తిరగలేవా? రా ఇటు. బుట్ట బరువుగా ఉంది."

ఆర్విల్ గుడ్డ వదిలేసి వచ్చాడు. బుట్ట అందుకున్నాడు. ఆమె ముందు, అతను వెనక, కొట్టంతా తిరిగారు. ఆమె తీరిగ్గా ప్రతి డబ్బా తీసి, దాని ధర అతని చేతే చదివించుకుని, నచ్చలేదని మళ్లీ అక్కడే పెట్టింది.